ఒకే వెదురు మీద మూడు షడ్జాలు

భువనేశ్వర్ వెళ్లొచ్చానని చెబితే చాలు, కోణార్క్ చూశావా అని అడుగుతున్నారు. చూడలేదు. పూరీ వెళ్లలేదు. లింగరాజస్వామి గుడి శిఖరం ఆటోలోంచి కనిపించింది, దణ్ణం పెట్టుకున్నాను, అంతే. నేను వెళ్లింది వేణువు వర్క్‌షాప్‌కి. కర్ణాటక, హిందుస్తానీ, పాశ్చాత్య, ఐరిష్ బాణీలు నాలుగూ ఒకే చోట నేర్పుతామని ప్రకటించారు. ఫీజు చూసి మా ఆయన, “ఒక్కో బాణీకి ఎంత పడిందో లెక్కేశావా?” అన్నాడు. వేశాను. ఆ డబ్బుతో మా మాస్టారి దగ్గర ఏడాది పొడవునా నేర్చుకోవచ్చు. పైగా తిండి, గది ఖర్చు మనదే.

అయినా కట్టడానికి కారణం ఒక్కటే. బాన్సురీ, అంటే హిందుస్తానీ వేణువు వాయించేవాళ్లు ఒక స్వరం మీంచి ఇంకో స్వరానికి అంత నిదానంగా, మధ్యలో ఎక్కడా అతుకు కనపడకుండా ఎలా జారతారన్నది నాకు చాలాకాలంగా ఉన్న గొడవ. వీడియోలు చూసి ఇంట్లో ప్రయత్నించాను. నా వేళ్లు జారవు, ఊగుతాయి. చిన్నప్పటి నుంచి వాటికి వచ్చింది అదే, కర్ణాటక గమకం, అంటే స్వరాన్ని ఊపడం.

విజయనగరంలో పగటి రైలు ఎక్కాను. చిలికా సరస్సు కనిపించాలంటే అటు వెళ్లేటప్పుడు కుడి వైపు కిటికీ కావాలని మీకందరికీ తెలుసు. దొరికింది. పలాసలో జీడిపప్పు బేరం చేసి, బేరం కుదరక వదిలేశాను. ఊళ్లో షాపు కన్నా రైల్లో ఎక్కువ చెబుతున్నారు ఈ మధ్య. అక్కడే ఒక పెద్దాయన, ఆయన భార్య ఎక్కారు. బరంపురం వాళ్లు, తెలుగువాళ్లే. ఆయన కూర్చున్న దగ్గర్నుంచి నా ఒళ్లో ఉన్న సంచీనే చూస్తున్నాడు.

“ఏటమ్మా అందులో? కర్రా?”

“వేణువండీ.”

“ఏ శ్రుతి?”

అలా అడిగేవాళ్లు రైల్లో తగలరు. నాలుగున్నర అన్నాను, అంటే వేణువు స ఎంత ఎత్తులో పలుకుతుందో చెప్పే లెక్క. ఆయన మొహం వెలిగింది. వయసులో ఉన్నప్పుడు పద్యనాటకాలకు హార్మోనియం వాయించేవాడట. శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం, బరంపురం, ఎక్కడ నాటకమైనా పెట్టె మోసుకుని వెళ్లేవాడట. అప్పటి నటులు ఐదు శ్రుతిలో పద్యం ఎత్తుకుంటే మైకు అవసరం ఉండేది కాదని, ఇప్పటివాళ్లు ఒకటిన్నరకే దగ్గుతున్నారని చాలాసేపు తిట్టాడు. భార్య మధ్యలో, “ఆ అమ్మాయికి నిద్ర రాకుండా చేస్తన్నారు” అంది. వినలేదు.

“మా పెట్టె మీద ఏ మెట్టు నొక్కితే అదే స. నటుడు మారితే నేను చెయ్యి పక్కకి జరుపుకుంటే సరి. మీకేమో శ్రుతి మారితే కర్ర మారాల. ఎన్ని కర్రలు మోస్తావు తల్లీ?” అన్నాడు. రెండున్నర ఒకటి, నాలుగున్నర ఒకటి, అంతే తెచ్చానని చెప్పాను. “సరిపోవు” అన్నాడు, చాలా ఖాయంగా.

వాయించమన్నాడు. మొదట వద్దన్నాను కానీ ఆయన వదిలే రకం కాదు. మోహన రాగంలో కాసేపు ఆలాపన చేశాను. రైలు శబ్దంలో నాకే సరిగ్గా వినబడలేదు. ఎదురు బెర్తు మీది పిల్లాడు చెవులు మూసుకున్నాడు. పెద్దాయన మాత్రం సూట్‌కేసు మీద తాళం వేస్తూ, నేను ఎక్కడ తొందరపడితే అక్కడ గట్టిగా కొడుతూ కూర్చున్నాడు. ఒక పాత వర్ణం, దాని తర్వాత ఇంకోటి. తల ఎత్తేసరికి రైలు బరంపురం స్టేషన్‌లోకి వస్తోంది. దిగేముందు ఆయన నాలుగున్నర వేణువు తీసుకుని, బుజం మీది తువ్వాలుతో తుడిచి, కళ్లకద్దుకుని ఇచ్చాడు. ఊదలేదు. ఊదడం రాదట. ఆయన దిగాక నాకు ఏమీ తోచలేదు. రంభ, బాలుగావ్ దగ్గర చిలికా వచ్చింది, చూశాను. ఎప్పుడూ ఉన్నట్టే ఉంది.

భువనేశ్వర్ స్టేషన్ బయట ఆటోవాళ్ల గురించి ఏం రాయను. మన విశాఖ స్టేషన్ బయటి వాళ్లే నయం అనిపించారు.

వర్క్‌షాప్ హాలు బాగుంది. సమస్య కూడా అదే. ఏసీ పద్దెనిమిదిలో పెట్టారు. గాలి చల్లబడితే వేణువు శ్రుతి దిగుతుంది. చల్లటి గాలిలో శబ్దవేగం తగ్గుతుంది కాబట్టి గొట్టం పొడవు అంతే ఉన్నా పలికే స్వరం కిందికొస్తుంది. పది డిగ్రీల తేడాకి దాదాపు అర స్వరంలో మూడో వంతు దాకా పోవచ్చు. మన ఊపిరి వేడికి కొంత సర్దుకుంటుంది కానీ, రాగం మధ్యలో రెండు నిమిషాలు ఆపితే మళ్లీ దిగిపోతుంది. ఎలక్ట్రానిక్ తంబురా మాత్రం ఏ చలికీ కదలదు. దాంతో పాతికమంది పాతిక రకాలుగా పలుకుతుంటే, చెవులున్నవాళ్లందరికీ తలనొప్పి. ఏసీ ఆపమని మేం కొందరం అడిగాం. ఆపితే ఉక్కపోతకి చచ్చిపోతామని మిగిలినవాళ్లు. నిర్వాహకులు ఇరవై నాలుగు చేసి, అందరికీ కోపం తెప్పించారు. వెదురుకు ఏసీ గాలి అసలే పడదు. ఎండిపోయి చీలుతుంది. వేణువుల మీద దారం చుట్టేది అలంకారానికి కాదని నిర్వాహకుల్లో ఒకాయనకు నేనే చెప్పాల్సి వచ్చింది.

బాన్సురీ క్లాసు చెప్పింది కటక్ నుంచి వచ్చిన ఒక పెద్దాయన. వస్తూనే, “అందరూ ‘ఇ’ స్కేల్ తీయండి” అన్నారు. అంటే పాశ్చాత్య స్వరాల్లో ‘ఇ’ (E) స గా పలికే వేణువు. నా దగ్గర లేదన్నాను. ఏమున్నాయని అడిగితే నాలుగున్నర చూపించాను. మన లెక్కలో అది ఎఫ్ షార్ప్. ఆయన తీసుకుని ఒకసారి ఊది, నవ్వి, “ఇది ‘ఇ’ స్కేలే బేటీ. కాకపోతే చిన్నది” అన్నారు.

ఎక్కడ మెలిక ఉందంటే, కర్ణాటక బాణీలో మనం పై నుంచి రెండు రంధ్రాలు మూస్తే షడ్జం, అంటే స. హిందుస్తానీ వాళ్లకు మూడు మూస్తే. అదే గొట్టం, అవే రంధ్రాలు. నేను స అన్నచోట ఆయన రి అంటారు. నేను ని అన్నచోట, అంటే మన కైశికి నిషాదం దగ్గర, ఆయనకు స. రైల్లో హార్మోనియం పెద్దాయన చెయ్యి పక్కకి జరుపుకుంటే సరి అన్నది నాకు అప్పుడు గుర్తొచ్చింది. మనకి కర్ర మారాలన్నాడు కదా, ఇక్కడ కర్ర మారకుండానే స మారింది. వినడానికి చిన్న విషయం. చేతిలో పెట్టుకుంటే నరకం. సరిగమ అనగానే వేళ్లు వాటంతటవే రెండు రంధ్రాల మీదికి పోతాయి. పక్కనున్న కొత్త కుర్రాళ్లు, రెండు నెలల కిందట వేణువు పట్టినవాళ్లు, హాయిగా వాయించేస్తున్నారు. వాళ్లకు మరచిపోవాల్సింది ఏమీ లేదు.

ఆయన తన దగ్గరున్న పెద్ద ‘ఇ’ ఇచ్చారు. రెండున్నర అడుగులు ఉంటుంది. పన్నాలాల్ ఘోష్ (1911–1960) ఈ పొడుగు వేణువును కచేరీలో నిలబెట్టిన దగ్గర్నుంచి హిందుస్తానీ వాళ్లకు ఇదే ప్రమాణం. వేలి కొసలతో మూయడం దీని మీద కుదరదు, అందవు. వేళ్లు చాచి, మధ్య కణుపుల కండతో మూయాలి. కాసేపటికే కుడి ఉంగరపు వేలు లాగడం మొదలైంది.

నేర్పింది భూపాలి రాగం. మన మోహనం స్వరాలే. పై స నుంచి కింది ధ కి జారమన్నారు. స కి మూడు రంధ్రాలు మూసి ఉంటాయి, ధ కి ఐదు. అంటే నాలుగోది, ఐదోది మూయాలి. నేను నాలుగు మూసి, ఐదు మూశాను. ఆయన చెయ్యెత్తి ఆపారు. “ని వినిపించింది. భూపాలిలో ని ఉందా?” లేదు. నాలుగో రంధ్రం మూతపడగానే ని పలుకుతుంది, రాగంలో లేని స్వరం. అది చెవికి దొరక్కూడదంటే రెండు వేళ్లూ కలిసి, ఒక్క దొర్లుడుగా, రంధ్రం అంచు మీంచి కొద్దికొద్దిగా కమ్ముకుంటూ రావాలి. ఊపిరి అదే సమయంలో పలచబడాలి. ఇన్నేళ్లూ నాకు వీడియోల్లో కనపడనిది ఇది. వేలు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో చూశాను కానీ, రెండోది దానితోపాటే బయలుదేరిందని గమనించలేదు. మధ్యాహ్నం దాకా అదొక్కటే చేయించారు. మిగతా పాఠం ఏం చెప్పారో నాకు తెలియదు, నేను మూల కూర్చుని స-ధ, స-ధ అని అదే చేసుకున్నాను. ఫీజు ఆ పూటకే చెల్లిపోయిందని నా లెక్క.

సాయంత్రం ఖాళీ దొరికితే అందరూ ఖండగిరి వైపు పోయారు. నేను కటక్ బస్సెక్కాను. చూడ్డానికి ఏమీ పెట్టుకోలేదు. బాన్సురీ విద్వాంసుడు హరిప్రసాద్ చౌరాసియా 1957లో కటక్ ఆకాశవాణిలో ఉద్యోగానికి చేరారు, ఆ ఊరు ఒకసారి చూద్దామని. బస్సు కిక్కిరిసి ఉంది, కథాజోడి వంతెన దాకా నిలబడే వెళ్లాను. ఆయన తర్వాత బొంబాయిలో సుర్‌బహార్ విద్వాంసురాలు అన్నపూర్ణా దేవి దగ్గరికి నేర్చుకోవడానికి వెళ్లినప్పుడు, మొదటి నుంచి మొదలుపెట్టడానికి సిద్ధమని చూపించడానికి, కుడి వైపు పట్టే వేణువును ఎడమ వైపుకు తిప్పేశారు. ఈ కథ ఎప్పుడో విన్నాను, గురుభక్తి కథల్లో ఒకటి అనుకుని వదిలేశాను. ఆ రోజు పొద్దున్న నా వేళ్లు చేసిన నిర్వాకం తర్వాత వేరేగా అనిపించింది. చేతులు మారిస్తే పాత అలవాటు ఏ వేలికీ పని చెప్పలేదు. భక్తి సంగతి పక్కన పెట్టండి, అది చాలా తెలివైన పని. కటక్‌లో దహీబరా ఆలూదమ్ తిన్నాను. మన ఆవడ పక్కన పెడితే పెరుగు నీళ్లనీళ్లగా ఉంటుంది, కానీ ఆ ఆలూ కూర కలిపాక ఇంకో ప్లేటు అడిగాను.

పాశ్చాత్య క్లాసు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. 1847లో థియోబాల్డ్ బోమ్ రూపం ఇచ్చిన లోహపు వేణువు, మీటల మీద వేళ్లు. తు-కు, తు-కు అని నాలుకతో కొట్టడం నేర్పారు. మన తుత్తుకారం ఉన్నవాళ్లకు సగం వచ్చినట్టే. వేలికీ రంధ్రానికీ మధ్య మూత ఉంటుంది కాబట్టి బాన్సురీ మీదలా జారడం కుదరదు. నాకు ఆసక్తి పోయింది.

ఐరిష్ క్లాసు టైం వేస్టు అనుకుని వెనక వరసలో కూర్చున్నాను. కొచ్చి నుంచి వచ్చిన కుర్రాడు, మీటల్లేని నల్లటి కొయ్య వేణువు. ఆరు రంధ్రాలూ మూస్తే అతని మొదటి స్వరం, డి. అంటే మూడో షడ్జం. అప్పటికి నేను దేనికైనా సిద్ధంగా ఉన్నాను. కానీ వాళ్ల అలంకారాలు విన్నాక ముందు వరసకి జరిగాను. కట్ అంటే పై వేలు ఒక్కసారి ఎగరేసి వేయడం. ట్యాప్ అంటే కింది రంధ్రం మీద ఒక దెబ్బ. స్వరం, కట్, అదే స్వరం, ట్యాప్, మళ్లీ అదే స్వరం కలిస్తే రోల్. మన గమకంలో స్వరం కదులుతుంది. వీళ్లది కదలదు, దాని మీద దెబ్బలు పడతాయి. జిగ్ అంటే ఆరు లెక్క, మూడేసి లెక్కల తిస్రంలో చెయ్యి వేసుకుంటే సులువుగానే పట్టుకున్నాను. గాంధారం, అంటే గ మాత్రం కదలకుండా పట్టలేకపోయాను. “మేడమ్, ఊపకండి” అన్నాడు. ఊపడం లేదన్నాను. ఫోన్‌లో రికార్డు చేసి వినిపించాడు. ఊగుతోంది. వేలు కదలకపోయినా పెదవి ఊపుతోంది.

ఇంకో సంగతి నచ్చింది. వాళ్లు ఊపిరి తీసుకోవాలంటే ఏకంగా ఒక స్వరాన్ని వదిలేస్తారు, పాట ఆగదు. మనం సాహిత్యంలో మాట విరగకుండా ఊపిరి దాచుకోవడానికి ఎంత అవస్థ పడతాం! మా మాస్టారి ముందు ఒక్క అక్షరం మింగేసి చూడండి.

కర్ణాటక క్లాసు చివర పెట్టారు. సరళీవరుసలు, అంటే మొట్టమొదటి పాఠాలు చెప్పారు. మాలీగా పిలిచే టి.ఆర్. మహాలింగం (1926–1986) వేలి పట్టునే మార్చి వేణువు చేత గాత్రంలా పలికించాడే, ఆ పట్టు ఎలాంటిదో రెండు మాటలు చెప్పినా బాగుండేది. తమిళనాడు నుంచి, కేరళ నుంచి అంత దూరం వచ్చినవాళ్లు కూడా మొహాలు చూసుకున్నారు. మన బాణీని మొక్కుబడిగా పెట్టారన్న కోపం నాకు ఇంకా తగ్గలేదు.

తిరుగు రైల్లో కుడి కిటికీ దొరికింది, అటు చిలికా లేదు. బరంపురంలో ప్లాట్‌ఫాం మీద తొంగి చూశాను కూడా.

ఇంటికొచ్చాక మాస్టారి దగ్గర మోహన వర్ణం వాయించాను. పల్లవి అవ్వగానే, “గాంధారం ఏమైంది, చచ్చిపడింది?” అన్నారు. జరిగింది చెప్పాను. భూపాలి స-ధ వాయించమన్నారు, నాలుగున్నర మీదే, మూడు రంధ్రాల లెక్కతో. విని, “ని పడింది” అన్నారు.

పెద్ద ‘ఇ’ ఒకటి తెప్పిస్తున్నాను. ధర మా ఆయనకు ఇంకా చెప్పలేదు. మళ్లీ పెడితే బాన్సురీ క్లాసుకీ, ఐరిష్‌కీ మాత్రం వస్తాను, సగం ఫీజు తీసుకుంటారా, హాల్లో ఏసీ ఎంతలో పెడతారు అని నిర్వాహకులకు రాశాను. ఫీజు గురించి వెంటనే జవాబిచ్చారు, తీసుకోరట. ఏసీ సంగతి ఎత్తలేదు.