ముందు ఒంటి కొలతలు, ఆ తర్వాతే ఇంటివి

కిందటేడు నాలుగు నెలల పాటు కుడి భుజం లాగేసింది. పొద్దున్నే బాగానే ఉండేది, వంటగదిలో ఓ గంట గడిపానంటే మొదలయ్యేది. దిండు మార్చాను, పడుకునే పక్క మార్చాను. చివరికి ఒక ఆదివారం టేపు తెచ్చి వంటగట్టు ఎత్తు కొలిచాను. 90 సెంటీమీటర్లు. తర్వాత నిటారుగా నిలబడి, చెయ్యి మడిచి, నేల నుంచి మోచేతి దాకా కొలవమని మా అమ్మాయికి చెప్పాను. 95. గట్టు మీద పెట్టుకునే చెక్క మందమే 4. అంటే కత్తి పట్టిన ప్రతిసారీ మోచేతి ఎత్తులో, భుజం పైకెత్తి తరుగుతున్నానన్నమాట. తరిగే చోటు మోచేతికి పది పదిహేను సెంటీమీటర్లు కిందుంటేనే భుజం వదులుగా ఉంటుంది.

అది నేను ఎంతో ముచ్చటపడి చేయించుకున్న వంటగది. అల్మరా తలుపుల రంగు తేల్చుకోవడానికి మూడు వారాలు పట్టింది, హ్యాండిళ్ళకు ఇంకో వారం. గట్టు ఎంత ఎత్తుండాలని ఎవరూ అడగలేదు, నాకూ తట్టలేదు. నా ఎత్తు 152. ఆరేళ్ళుగా ఇళ్ళ అలంకరణ గురించి ఇష్టంగా చదువుతున్నాను, ఫోటో చూసి ఏ శైలో చెప్పగలను. కానీ ఆ ఫోటోల్లో మనుషులుండరు. ఉంటే, వాళ్ళ భుజాలు ఎక్కడున్నాయో చూసేదాన్నేమో.

ఆ ఆదివారం తర్వాత పాత పుస్తకాలన్నీ మళ్ళీ తిరగేశాను, ఈసారి ఒక్కటే ప్రశ్నతో: ఈ ఇల్లు ఎవరి ఒంటికి కుట్టింది?

ల కార్బూజియే అనే పేరున్న ఆర్కిటెక్టు దీనికి సూటిగా జవాబిచ్చాడు. మనిషి శరీరం నుంచే కొలతల వరుస ఒకటి తయారుచేసి మాడ్యులోర్ అని పేరు పెట్టాడు. మొదట అందులోని మనిషి ఎత్తు 175, తర్వాత దాన్ని 183 చేశాడు, అంటే ఆరడుగులు. ఆ మనిషి చెయ్యెత్తితే 226. 1952లో ఫ్రాన్సులోని మార్సే నగరంలో పూర్తయిన ఆయన పెద్ద నివాస భవనంలో గదుల పైకప్పు ఎత్తు కూడా అదే, 226. మనిషి దగ్గర మొదలుపెట్టి ఇంటికి వెళ్ళడం నాకెంతో నచ్చింది. కానీ ఆ మనిషి ఒక్కడే, ఆరడుగుల మగవాడు. అతని బొడ్డు దగ్గరుండే 113 సెంటీమీటర్ల గీత నాకు గుండెల దాకా వస్తుంది.

దానికంటే నేను ఎక్కువసేపు ఆగిపోయింది 1926లో జర్మనీలో పుట్టిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది దగ్గర. మార్గరేటె షూటె-లిహోట్స్కీ అనే ఆర్కిటెక్టు గీసింది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4. అలాంటివి ఆ నగరంలో దాదాపు పదివేలు కట్టారు. రైళ్ళలోని వంటపెట్టెల్లో అంత ఇరుకు చోట అంతమందికి ఎలా వండుతున్నారో ఆమె గమనించింది. అంతకు ముందే అమెరికాలో క్రిస్టీన్ ఫ్రెడరిక్ అనే ఆవిడ వంటగదిలో వేసే అడుగులను గీతలుగా గీసి, ఏ వస్తువు ఎక్కడుంటే నడక తగ్గుతుందో చూపించింది. ఆ ఆలోచనా ఇందులో ఉంది. కిటికీ కింద కూర్చుని పని చేసుకునే బల్ల, తిరిగే స్టూలు, బల్లలోనే చెత్త తోసేసే సొరుగు, గోడకు మడిచేసే ఇస్త్రీ బల్ల. వంటకు నిలబడే ఉండాలని ఎవరన్నారు? నూరేళ్ళ కిందటే స్టూలు వేసిందావిడ! ఒక లోటు మాత్రం ఉంది. అందులో ఒక్కరే పని చెయ్యగలరు. ఇంకొకరు సాయానికొస్తే తిరగడానికి చోటు లేదు, పిల్లలు కళ్ళెదుట ఆడుకోవడానికి అసలే లేదు.

మేమూ గీతలు గీశాం. ఒక గంటసేపు నేను వంట చేస్తుంటే మా అమ్మాయి కాగితం మీద నా ప్రతి నడకా గీసింది. సింకుకూ ఫ్రిజ్‌కూ మధ్య గీతలు మందంగా వస్తాయనుకున్నాను. అన్నిటికంటే నల్లగా అలుక్కుపోయింది చెత్తబుట్ట దారి: పంతొమ్మిది సార్లు. తలుపు వెనక, కంటికి కనబడకుండా దాచింది నేనే.

రాతి గట్టు పగలగొట్టడం మా వల్ల కాలేదు. కిటికీ దగ్గర 80 సెంటీమీటర్ల ఎత్తు బల్ల ఒకటి వేసి, తరగడం అక్కడికి మార్చాను. దాని కిందే చెత్తబుట్ట. మొదట కాళ్ళ కింద పీట వేసుకుని చూశాను. వేడి గిన్నెతో వెనక్కి అడుగేసి పీట అంచున తూలాను, ఆ రోజే తీసేశాను. మీరెవరూ ఆ పని చెయ్యకండి.

కొలుస్తూ పోతే ఇంకోటి తెలిసింది. గట్టంతా ఒకే ఎత్తుండటమే తప్పు. సింకు అడుగు అంచుకు 20 సెంటీమీటర్లు లోపలుంటుంది, చేతులు పనిచేసేది ఆ అడుగున. కాబట్టి సింకు అంచు ఎత్తుగా ఉన్నా ఇబ్బంది లేదు. 180 ఎత్తున్న మా ఆయన గిన్నెలు తోమి నడుము పట్టుకునేది అందుకే, ఆయనకు అది చాలదు. పొయ్యి సంగతి దీనికి తలకిందులు. 90 మీద పొయ్యి 10, దాని మీద లోతు గిన్నె 20. అందులో గరిట తిప్పాలంటే నా చెయ్యి భుజం దాకా లేస్తుంది. గట్టులోకి దిగే రకం పొయ్యికి మారాక ఆ పది తగ్గింది. కొత్తగా కట్టించుకునేవాళ్ళయితే తరిగే చోటు కంటే పొయ్యి చోటు కిందికి, సింకు పైకి పెట్టించుకోండి. ఇద్దరు ముగ్గురు వాడే వంటగదైతే ఎక్కువసేపు నిలబడేవాళ్ళ మోచేయే కొలత.

ఇక హాలు. 1950ల నాటి శైలంటే నాకు ప్రాణం. సన్నటి ఏటవాలు కాళ్ళు, నేలకు దగ్గరగా తేలుతున్నట్టుండే సోఫా. తెచ్చి వేశాను, అందంగా ఉంది. అమ్మ వచ్చి కూర్చుంది, లేవలేకపోయింది. "కాస్త చెయ్యందించవే" అంది. రెండోసారి వచ్చినప్పుడు భోజనాల బల్ల దగ్గరి కుర్చీ లాక్కుని కూర్చుంది. సోఫా వైపు చూడను కూడా చూడలేదు. ఆ రోజు నాకు చాలా బాధేసింది.

కూర్చునే ఎత్తు 38. మెత్త దిగిపోయాక 33. తుంటి మోకాళ్ళ కంటే కిందికి పోతే లేవడానికి మోకాళ్ళు మొత్తం బరువు ఎత్తాలి, అమ్మ మోకాళ్ళకు ఆ శక్తి లేదు. లోతు 62, అమ్మ తొడ పొడవు 44, వీపు వెనక్కి ఆననే ఆనదు. సోఫా అమ్మేద్దామన్నారు మా ఆయన. అమ్మలేదు. మరలతో బిగించే కాళ్ళే కాబట్టి అదే ఏటవాలు ఆకారంలో 8 సెంటీమీటర్లు పొడవైనవి చేయించాను, లోపలి ఫోమ్ గట్టిది వేయించాను. ఇప్పుడు అమ్మ కూర్చున్నాక 44 ఉంటోంది. వీపు వెనక ఒక మందపాటి దిండు. శైలి ఎక్కడికీ పోలేదు.

అందుకే నాకు ఐలీన్ గ్రే అనే డిజైనర్ మీద అంత గౌరవం. 1920ల చివర్లో ఫ్రాన్సు సముద్రతీరాన తను కట్టిన ఇంటి కోసం ఉక్కు గొట్టాలతో, గాజు పలకతో ఆమె చేసిన గుండ్రటి బల్లకు ఎత్తు మార్చుకునే రంధ్రాలుంటాయి. కాలు ఒక పక్కనే ఉంటుంది, అడుగు మంచం కిందికి దూరిపోతుంది, పలక మన ఒళ్ళోకి వస్తుంది. మనిషిని బల్ల దగ్గరికి రమ్మనకుండా బల్లే మనిషి దగ్గరికి వస్తోంది. ఆ ఇంటి గోడల మీద తర్వాత ల కార్బూజియే ఆమెను అడక్కుండా బొమ్మలు వేశాడు. అది చదివినప్పుడల్లా నాకిప్పటికీ కోపం వస్తుంది.

జపాను పాత ఇళ్ళలో గదిని చాపలతో లెక్కపెడతారు, ఆరు చాపల గది, ఎనిమిది చాపల గది అని. కూర్చుంటే అర చాప, పడుకుంటే ఒక చాప అన్న సామెత వాళ్ళకుంది. నేల మీద కూర్చునే శైలి నచ్చి ఒక మూల పరుపు వేసుకునేవాళ్ళు కిటికీ అంచు కూడా చూసుకోవాలి. నేల మీద కూర్చుంటే నా కళ్ళు 70 ఎత్తులో ఉంటాయి. మా కిటికీ అంచు 90. బయటి చెట్టు చూడ్డం కోసమని పరుపు వేసుకుంటే నాకు కనిపించింది గోడ. పరుపు కింద తక్కువ ఎత్తు చెక్క వేదిక కట్టించాకే చెట్టు కనపడింది.

ఇప్పుడు ఏ వస్తువు కొనాలన్నా ముందు తీసేది ఒక నోటుపుస్తకం. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక పేజీ: మోచెయ్యి, మోకాలి వెనక ఎత్తు, తొడ పొడవు, కూర్చుంటే కన్ను, చెయ్యెత్తితే వేళ్ళ కొస. మా అమ్మాయి పేజీ ఆరు నెలలకోసారి కొట్టేసి మళ్ళీ రాస్తున్నాం. తన చదువు బల్లకు గ్రే బల్లలాగే రంధ్రాలు పెట్టించాను. మొన్న ఆదివారం మేకు తీసి ఒక రంధ్రం పైకి జరిపాం.