దోసె పిండి వ్యాపారానికి ఎంత కావాలి? రెండు నెలలు లెక్కలేసిన నా అనుభవం

తిరుపతి కొర్లగుంటలో మేము దోసె పిండి వ్యాపారం మొదలుపెట్టి ఏడాది దాటింది. పెట్టాలనుకునే వాళ్ళు చాలామంది నన్ను "గ్రైండర్ ఎంతక్కా?" అనే అడుగుతున్నారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను కాబట్టి ఇది రాస్తున్నాను.

మొదట వేసిన లెక్క నోటుబుక్కులో ఒక్క పేజీ. టిల్టింగ్ గ్రైండర్ 28,000, ఫ్రిజ్ 32,000, సీలింగ్ మిషన్ 2,000, తూకం మిషన్ 3,500, డ్రమ్ములు బకెట్లు 6,500, గది అడ్వాన్సు 25,000. మొత్తం 97,000. ఇందులో ఒక్క అంకె కూడా తప్పు కాదు, అన్నీ షాపుల్లో కొటేషన్లు తీసుకుని రాసుకున్నవే. కానీ ఆ పేజీలో ఉన్నదంతా కొనే సామాను, వ్యాపారం నడవడానికి అయ్యే ఖర్చు అందులో లేదు.

మా ఆయన అన్న మాట మీద ముందు ఇంట్లోనే రుబ్బి చూశాం. నాలుగు కిలోల బియ్యం, కిలో మినప్పప్పు. నీళ్ళతో కలిపి పదకొండు కిలోల పిండి వస్తుందని నా అంచనా. గ్రైండర్‌కు, డ్రమ్ముకు అంటుకున్నది పోగా ప్యాకెట్లలోకి వచ్చింది సరిగ్గా పది కిలోలు. మూడు రోజులు వరసగా తూచినా అంతే. అప్పుడున్న ధరలకు బియ్యం 192, పప్పు 130, ఉప్పు మెంతులు 8, వెరసి 330. అంటే కిలో పిండికి 33 రూపాయలు, కవరూ స్టిక్కరూ ఇంకో 3. అంగడి వాళ్ళకు 50కి వేస్తే మనకు మిగిలేది 14.

ఆ 14 తెలిశాక అసలు సంగతి అర్థమైంది. నెలకు గది బాడుగ 5,500, సాయానికి వచ్చే ఆమెకు 6,000, కరెంటు 3,000, పెట్రోలు 2,500, బ్యాంకు కంతు 4,900. మొత్తం 21,900. దీన్ని 14తో భాగిస్తే నెలకు 1,564 కిలోలు, రోజుకు 52 కిలోలు అమ్మితేగానీ చేతికి ఒక్క రూపాయి మిగలదు. నేనేమో రోజుకు ముప్పై కిలోలు పోతే చాలనుకుంటూ ఉన్నా. ఆ రాత్రి నిద్ర పట్టలేదు, అంత టెన్షన్ పడ్డాను.

తర్వాత మా వీధి చివర అంగడాయన్ని అడిగితే ఇంకో రెండు విషయాలు చెప్పాడు. డబ్బు పదిహేను రోజులకోసారి ఇస్తారట. ఇంకోటి, "అక్కా, పొంగిన ప్యాకెట్ ఎవరూ కొనరు, మీరే వెనక్కి తీసుకుపోవాల" అన్నాడు. మే నెల ఎండకు పొద్దున వేసిన ప్యాకెట్ మధ్యాహ్నానికి బుడగలా ఉబ్బిపోవడం నేనే కళ్ళారా చూశాను, సీలు ఊడి పిండి అరంతా కారింది. ఇక డబ్బు చేతికి రావడానికి పదిహేను రోజులు పడుతుంది కాబట్టి, ఆ అరువు కింద 21,600 విడిగా రాసుకున్నా. రోజుకు 40 కిలోలు, మనకు పడే ఖర్చు కిలో 36 చొప్పున.

చిల్లర అనుకున్నవి కూడా చిల్లర కాదు. కమర్షియల్ మీటరు డిపాజిట్టు, వైరింగ్ కలిపి 11,000, వాటర్ ఫిల్టర్ 9,000, కవర్లు తక్కువలో తక్కువ ఇన్ని తీసుకోవాలంటారు కాబట్టి 7,000. లైసెన్సులకు మాత్రం భయపడక్కర్లేదు. నేను తీసుకున్నప్పుడు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (ఆహార భద్రత సంస్థ) బేసిక్ రిజిస్ట్రేషన్ ఏడాదికి 100 రూపాయలు, ప్యాకింగ్ చేసి అమ్మేవాళ్ళు తూనికలు కొలతల శాఖలో చేయించాల్సిన రిజిస్ట్రేషన్ 500. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ పూర్తిగా ఉచితం. దానికి బయట ఒకరు నన్ను 1,500 అడిగారు, దయచేసి ఎవరికీ ఇవ్వకండి.

బ్యాంకులో ఆఫీసరు గారు నా పేజీలన్నీ ఓపిగ్గా చూసి ఒక్కటే అడిగారు, "మొదటి మూడు నెలలు అమ్మకం లేకపోతే కంతు ఎట్లా కడతారమ్మా?" అరువు 21,600, మీటరు, ఫిల్టరు, కవర్లవి 27,000తో పాటు అప్పుడు మూడు నెలల ఖర్చు 65,700 కూడా కలిపాను. 97,000 కాస్తా 2,11,300 అయింది. చిన్న వ్యాపారాలకు అప్పిచ్చే కేంద్ర ప్రభుత్వ పథకం ముద్రలో శిశు అప్పు 50,000 వరకే, అది దాటితే కిశోర్ కింద 5 లక్షల దాకా ఇస్తారు, తాకట్టు అడగరు. మాకు లక్షన్నర వచ్చింది, మిగతాది మా అమ్మ చీటీ డబ్బు.

ఆ 65,700 పక్కన పెట్టుకోకపోయుంటే రెండో నెలలోనే మూసేసేవాళ్ళం, ఎందుకంటే మొదట్లో రోజుకు 35 కిలోలు దాటలేదు. శనివారాలే మమ్మల్ని నిలబెట్టాయి. మా ఊళ్ళో ఒక్కపొద్దు ఉండేవాళ్ళు ఎక్కువ, రాత్రికి అన్నం మాని టిఫిన్ తింటారు, పెరటాసి నెలలో (సెప్టెంబరు మధ్య నుంచి అక్టోబరు మధ్య దాకా) అయితే చెప్పక్కర్లేదు. మామూలు రోజుల్లో 52 దాటడానికి ఆరు నెలలు పట్టింది.

మొన్న శనివారం 71 కిలోలు పోయాయి. రెండో గ్రైండర్ కొందామంటున్నాడు మా ఆయన. రేపు కరెంటాఫీసుకు పోయి లోడు పెంచడానికి ఎంతవుతుందో కనుక్కుని వస్తాను, గ్రైండర్ కొటేషన్ ఆ తర్వాతే.