చవితి వెళ్లిన ఆదివారం, డాబా మీద

రాత్రంతా వాన. తెల్లారి తెరిపిచ్చాక డాబా ఎక్కాను. ఈ కాలంలో నేను ముందుగా చూసేది కుండీల అడుగు కన్నాలే. కొన్నిటికి వేళ్లు పెరిగి, కొన్నిటికి మట్టి జారి కన్నం మూసుకుపోతుంది. పైకి నీళ్లు నిలిచినట్టు కనిపించదు, లోపల మాత్రం బురదే. మూలనున్న వంగ మొక్క కింది ఆకులు పసుపురంగుకి తిరిగాయి. ఇలా కనిపించగానే చాలామంది బలం చాలలేదనుకుని ఎరువు వేసేస్తారు. ఊపిరాడని వేళ్లు ఎరువు తీసుకోలేవు సరికదా, ఇంకా కుళ్లుతాయి. పాత గొడుగు ఊచతో కన్నం పొడిచి, కుండీని ఇటుక ముక్కల మీదకి ఎత్తాను. బుడబుడమని నీళ్లు కారాయి. మట్టి ఆరేదాకా దానికి చుక్క నీరు పొయ్యను. వేలు రెండు కణుపుల లోతు గుచ్చి చూసి, పొడిగా తగిలితేనే పోస్తాను. వానాకాలంలో చెంబు పట్టుకునే ముందు వేలు పెట్టి చూడటం అలవాటు చేసుకుంటే సగం మొక్కలు బతుకుతాయని నా గట్టి నమ్మకం.

కింద వాటాలో ఉండే మాస్టారు బెండ ఆకు ఒకటి పట్టుకుని పైకి వచ్చారు. ఈనెలన్నీ పసుపుపచ్చగా, వల పరిచినట్టుగా ఉన్నాయి. "ఏం కొట్టమంటావమ్మా?" అన్నారు. అది పల్లాకు తెగులు. తెల్లదోమ ఒక మొక్క మీంచి ఇంకో మొక్క మీదకి మోసుకెళ్లే వైరస్. పట్టిన మొక్కకి ఏది కొట్టినా నయం కాదు. "మందు లేదండీ, ఆ మొక్క పీకేసి మిగతావి కాపాడుకుందాం" అంటే ఆయన ముఖం చిన్నబోయింది. కాయలు కాస్తున్న మొక్కని పీకాలంటే ఎవరికైనా ప్రాణం ఒప్పదు. పక్క మొక్కల ఆకులు తిరగేసి చూపించాను, అడుగున తెల్లగా ఎగిరే చిన్న దోమలు ఉన్నాయి. వాటికి మాత్రం వేపనూనె పనికొస్తుంది. లీటరు నీటికి 5 మి.లీ. నూనె. ఉత్త నీళ్లలో పోస్తే నూనె పైనే తేలుతుంది కాబట్టి ముందు కాస్త కుంకుడు రసంలో బాగా గిలకొట్టి, ఆ తరవాత నీళ్లు కలపాలి. ఎండలో కొడితే ఆకులు మాడతాయి, సాయంత్రం కొట్టాలి. దోమ ఉండేది ఆకు అడుగున కనుక అడుగు తడిసేలా కొట్టాలి. ఇదంతా ఆయన చిన్న కాగితం మీద రాసుకున్నారు. నలభై ఏళ్లు పిల్లలకి పాఠాలు చెప్పిన మనిషి నా దగ్గర నోట్సు రాసుకుంటుంటే నాకెంతో గౌరవంగా అనిపించింది.

చవితికి పెట్టిన మట్టి వినాయకుణ్ణి బకెట్లోనే నిమజ్జనం చేశాం. కరిగిన మట్టిని అలాగే కుండీల్లో పోసేద్దామంది మా అమ్మాయి. రంగుల్లేని విగ్రహం కాబట్టి అభ్యంతరం లేదు. అయితే అది బంకమట్టి. పైన పొరలా పరిస్తే ఆరాక పలకలా బిగుస్తుంది, గాలీ నీరూ దిగవు. అందుకని ఆరబెట్టి, చిదిపి, పాత కుండీ మట్టిలోనూ కొబ్బరి పొట్టులోనూ కొంచెం కొంచెంగా కలిపాం. మాగిన పశువుల ఎరువు, గుప్పెడు వేపపిండి కూడా వేశాం. ఆ కుండీలో మా అమ్మాయి గోంగూర గింజలు చల్లింది. చవితి పత్రి, పూలు కంపోస్టు డబ్బాలోకి వెళ్లాయి.

పదిన్నరకి పక్కవీధి అమ్మాయి వచ్చింది. కొత్తగా పెళ్లయి ఈ ఊరొచ్చింది, అద్దె ఇంటి డాబా మీద ఉత్సాహంగా మొక్కలు పెంచుతోంది. చేతిలో పూత మందు సీసా. "అక్కా, చిక్కుడు పాదు పందిరంతా కమ్మేసింది, ఒక్క పువ్వు లేదు. రోజూ చూసి చూసి టెన్షన్ వస్తోంది. ఇది ఎంత కలపాలో చెప్పండి" అంది. నాలుగు వందలు పెట్టి కొందట.

నాకు ఈ విషయం మీద చెప్పాల్సింది చాలా ఉంది. మన నాటు చిక్కుడు పొద్దుని లెక్కపెట్టుకుని పూసే పాదు. పగలు తగ్గి రాత్రి పెరిగితే తప్ప దానికి పూత పుట్టదు. మే నెలలో విత్తినా, ఆషాఢంలో విత్తినా అప్పటిదాకా తీగ పెరుగుతుందే గానీ మొగ్గ తొడగదు. సెప్టెంబరు 22, 23 తేదీలకి పగలూ రాత్రీ దాదాపు సమానమవుతాయి, అక్కణ్ణించి రాత్రి పొడుగవుతూ పోతుంది. ఆశ్వయుజం చివర్లోనో కార్తీకంలోనో పూల గెలలు కనిపిస్తాయి. సంక్రాంతికి బుట్టలకొద్దీ కాయలు. మాఘమాసంలో రథసప్తమికి చిక్కుడు కాయలతో రథం చేసి, చిక్కుడాకులో పరమాన్నం నైవేద్యం పెడతాం కదా, అప్పటికి ఏ పందిరి మీద చూసినా అవే. భాద్రపదంలో పూత లేదని బెంగపడితే ఎలా? ఇంట్లో పెద్దవాళ్లు మన పక్కనుంటే ఇది ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. మా అత్తయ్యగారు పందిరి వైపు చూసి "ఇంకా మంచు పడలేదు కదమ్మా" అనేవారు, అంతే. ఈ అమ్మాయి ఒంటరిగా అపార్ట్‌మెంట్లో పెరిగింది. షాపువాడి మాట తప్ప ఇంకెవరి మాట వింటుంది?

సీసా పక్కన పెట్టించి, ఈ నెలలో ఏం చెయ్యాలో చెప్పాను. ముందుగా పేడ నీళ్లు, జీవామృతం (పేడ, గోమూత్రం, బెల్లం కలిపి పులియబెట్టే ద్రవ ఎరువు) ఆపాలి. నత్రజని ఎక్కువైతే ఆకులే ముదురు ఆకుపచ్చగా ఏపుగా పెరుగుతాయి. తీగల చివర్లు తుంచితే పక్క కొమ్మలు వస్తాయి, రేపు గెలలు వేసేది ఆ కొమ్మలే. లోపల ఒత్తుగా అల్లుకున్న ముదురాకులు తీసేస్తే గాలి ఆడుతుంది. పందిరి మీదకి రాత్రంతా పెద్ద లైటు పడుతుంటే దాన్ని పక్కకి తిప్పించాలి, ఎందుకంటే ఈ పాదు పూతకి చీకటి కావాలి. పూత మొదలయ్యాక గెలలకి నల్లటి పేనుబంక, అంటే రసం పీల్చే చిన్న పురుగులు, తప్పకుండా పడుతుంది. ఆ రోజు చూసి భయపడొద్దని ఇప్పుడే చెప్పి ఉంచాను. కొద్దిగా ఉన్నప్పుడే నీళ్లు గట్టిగా చిమ్మి, మర్నాడు కట్టెల బూడిద పల్చగా చల్లితే అదుపులో ఉంటుంది. చీమలు బారులు కట్టి పైకి పోతున్నాయంటే పేను ఉన్నట్టే.

"ఏడాది పొడుగునా కాసే చిక్కుడు లేదా అక్కా?" అని అడిగింది. ఉంది. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్కా జయ్, అర్కా విజయ్ రకాలు పొదలుగా పెరుగుతాయి, పొద్దుతో పని లేకుండా పూస్తాయి. కుండీలకి బాగుంటాయి, పందిరి కూడా అక్కర్లేదు. రుచి మాటకొస్తే మాత్రం నా ఓటు చలికాలపు నాటు చిక్కుడుకే. దాని వాసన వేరు.

మధ్యాహ్నం మళ్లీ ముసురు. పనులేవీ సాగలేదు.

సాయంత్రం వాన ఆగాక ఆ అమ్మాయిని మళ్లీ పిలిచాను, ఆనప పూలు చూపిద్దామని. ఆనప, బీర పూలు పొద్దువాలాక విచ్చుకుంటాయి. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే. ఈ తేడా తెలియక పొద్దున్న ఎనిమిదింటికి బ్రష్షు పట్టుకుని వడిలిన ఆనప పూల చుట్టూ తిరిగేవాళ్లని చూశాను. ఆనప తీగకి ముందు మగ పూలే వస్తాయి, పొడుగు కాడ మీద ఒంటరిగా నిలబడి ఉంటాయి. ఆడ పువ్వుకి వెనక బుల్లి పిందె ఉంటుంది. డాబా ఎత్తుకి పురుగులు సరిగా రాకపోతే, పైగా వాన పడితే, ఆ పిందె నాలుగు రోజుల్లో పసుపెక్కి రాలిపోతుంది. అందుకే మగ పువ్వొకటి కోసి, రేకులు వలిచి, మధ్యనున్న పుప్పొడిని ఆడ పువ్వు నడిమి భాగానికి మెల్లగా అద్దాలి. ఆ అమ్మాయి చేత చేయించాను. ఫోను లైటు నేను పట్టుకున్నాను. చెయ్యి వణికింది గానీ చక్కగా అద్దింది. గుర్తుకి కాడకి ఎర్ర దారం కట్టింది.

బీర పాదు కింద మెలితిరిగిన కాయలు దొరికాయి, పొడిచిన చోట జిగురు కారి ఉంది. పండు ఈగ. లేత కాయలో గుడ్లు పెడుతుంది, లోపల పురుగులు తింటాయి, కాయ రాలాక అవి మట్టిలోకి దిగి కోశస్థ దశకి, అంటే ఈగగా మారే ముందు గూట్లో ఉండే దశకి, వెళ్తాయి. కాబట్టి ఆ కాయల్ని కంపోస్టులో వెయ్యకూడదు. ప్లాస్టిక్ కవర్లో గట్టిగా మూటకట్టి ఎండలో పెడితే లోపలే చస్తాయి. పాదులకి క్యూ ల్యూర్ అనే ఎర ఉన్న బుట్ట కట్టాలి. మామిడి పండు ఈగకి వాడే ఎర వేరు, దాని పేరు మిథైల్ యూజినాల్. షాపులో ఒకటి అడిగితే ఇంకొకటి ఇచ్చేస్తారు, కాబట్టి పేరు చదివి తీసుకోమని ఆ అమ్మాయికి చెప్పాను. బుట్టలో పడేది మగ ఈగలే, అందుకని లేత బీర పిందెలకి పాత చున్నీ గుడ్డ సంచులు కూడా తొడిగాం.

పూత మందు సీసా నా దగ్గరే వదిలేసి వెళ్లింది. మూత తియ్యలేదు కాబట్టి షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో, రేపు మార్కెట్టుకి వెళ్లినప్పుడు అడుగుతాను. తీసుకుంటే ఆ డబ్బుతో రెండు క్యూ ల్యూర్ బుట్టలు, ఒకటి తనకి, ఒకటి మాస్టారికి.