తినడానికీ టికెట్టేనా వదినా?

"తినడానికీ టికెట్టేనా వదినా? ఒక్క మాట అంటే నేను తీసుకెళ్లనూ!" అని మా ఆడపడుచు ఒకటే నవ్వు. తను ఢిల్లీలో కాపురముండబట్టి 11 ఏళ్లు. చాందినీ చౌక్‌కి పెళ్లి బట్టలకి తప్ప వెళ్లదు. కొనేసి, సంచులు మోసుకుంటూ మెట్రో ఎక్కేస్తుంది. అందుకే తనకి చెప్పకుండా, గైడ్ వెంట ఆ పాత ఢిల్లీ గల్లీలు తిరుగుతూ తినే ఫుడ్ వాక్ ఒకటి బుక్ చేసుకున్నా.

జనవరి చలిలో పొద్దున్నే ఎనిమిదిన్నరకి చావ్డీ బజార్ మెట్రో స్టేషన్ దగ్గర కలిశాం. పాతాళంలోంచి పైకొచ్చినట్టే ఉంటుంది ఆ స్టేషన్. పుణే నుంచి ఒక జంట, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు, ఒక జర్మన్ పెద్దాయన, నేను. గైడ్ కుర్రాడు మంకీ క్యాప్ పెట్టుకుని వచ్చాడు. ఆ గల్లీల్లోనే పుట్టి పెరిగాడట. ముందే చెప్పాడు: "ఎక్కడా కడుపు నిండా తినకండి మేడమ్, ఇంకా చాలా ఉంది." తలూపాను. తలూపడం వరకే.

మొదటిది బేడ్మీ పూరీ. గోధుమపిండిలో మినప్పప్పు ముద్ద, సోంపు, కారం కలిపి చేస్తారు. మన పూరీలా మెత్తగా ఉండదు, గరుగ్గా, కరకరలాడుతూ ఉంటుంది. పక్కన పల్చటి ఆలూ కూర, ఇంగువ ఘాటు ముక్కుకి తగిలేలా. ఇద్దరికి ఒక ప్లేటన్నాడు. పుణే అమ్మాయి అరపూరీతో ఆగింది. నేను నా వంతూ, ఆ అమ్మాయి వదిలేసిందీ, తర్వాత నాగోరీ హల్వా కూడా లాగించేశా. నాగోరీ అంటే బొంబాయి రవ్వతో చేసే చిన్న గుల్ల పూరీ. దాన్ని చిదిమి అందులో హల్వా పెట్టుకుని తినాలి. గైడ్ చూసి ఏమీ అనలేదు. ఆ చూపు తర్వాత అర్థమైంది.

కినారీ బజార్‌లో జరీ అంచులు, పూసల దండలు వేలాడే దుకాణాల మధ్య ఒకతను వెదురు స్టాండ్ మీద పెద్ద పళ్లెం పెట్టుకుని నిలబడ్డాడు. దౌలత్ కీ చాట్. చాట్ అన్నారు కదా అని చింతపండు, కారం ఊహించుకున్నా. తీరా చూస్తే పాల నురుగు! పాలు, మీగడ కలిపి రాత్రంతా చలిలో ఆరుబయట ఉంచి, తెల్లవారకముందే చిలికి, పైకి తేలిన నురుగును కొంచెం కొంచెంగా తీసి పళ్లెంలో పేరుస్తారు. అందుకే చలికాలంలో తప్ప దొరకదు. ఎండెక్కితే కుంగిపోతుంది. అతను పళ్లెం మీది బట్ట తొలగించి, చెంచాతో తీస్తుంటే చప్పుడే లేదు. ఆకు దొప్పలో వేసి పైన కోవా, పంచదార పొడి, పిస్తా చల్లాడు. నోట్లో పెట్టుకున్నా. నమలబోయేసరికి లేదు! కుంకుమపువ్వు వాసన, నాలుక మీద కోవా రవ్వ, అంతే మిగిలాయి. జర్మన్ పెద్దాయన ఖాళీ దొప్పలోకి తొంగి చూస్తున్నాడు. దీన్నే లక్నోలో నిమిష్ అనీ, కాశీలో మలయ్యో అనీ అంటారట.

పరాఠే వాలీ గలీకి వచ్చేసరికి నా పని అయిపోయింది. అక్కడ పరాఠా పెనం మీద కాల్చరు, మూకుడులో నేతిలో వేయిస్తారు. ముక్క తిని పక్కన పెట్టేశా. నిజం చెప్పొద్దూ, అంత నెయ్యి నాకు ఖాళీ కడుపుతో అయినా ఎక్కేది కాదు.

గైడ్ చరిత్ర కూడా చెప్పాడు. షాజహాన్ కూతురు జహనారా ఈ చాందినీ చౌక్ కట్టించిందనీ, నడుమ కాలువ పారేదనీ. సగమే విన్నా, మిగతా సగం సైకిల్ రిక్షా మడమకి తగలకుండా చూసుకోవడంతో సరిపోయింది. అతని పనితనం నాకు వేరే చోట కనిపించింది. గోల్‌గప్పా, అదే మన పానీపూరీ, బండి దగ్గర కాలేజీ అమ్మాయిలు ఆగబోతే "ఆ నీళ్లు మీకు వద్దు" అని ముందుకు నడిపించాడు. మాకు పెట్టినవి దాదాపు అన్నీ మా కళ్లముందే మూకుడులోంచి తీసినవే. పచ్చి చట్నీ ముట్టుకోనివ్వలేదు. మా ఆడపడుచు తీసుకెళ్లి ఉంటే నేను మొదట తినేది గోల్‌గప్పాయే.

చివర్లో ఖారీ బావలీ. ఖారీ అంటే ఉప్పన, బావలీ అంటే మెట్లబావి. ఇప్పుడు బావి లేదు, మసాలా దినుసుల టోకు బజారుంది. మెట్లెక్కి గోదాముల్లోకి వెళ్లగానే అందరికీ ఒకటే దగ్గు. పుణే అతను కళ్లు తుడుచుకుంటూ కిందికి పరిగెత్తాడు. నాకూ దగ్గొచ్చింది గానీ, ఆ ఘాటు ఎక్కడో తెలిసిన ఘాటే. మా నాన్న మిర్చి యార్డు నుంచి వచ్చి చొక్కా విదిలించినప్పుడు ఇంట్లో ఇదే వాసన. ఎదురుగా బస్తా మీద హిందీలో "గుంటూర్". లోపల సన్నటి తేజ మిరపకాయలు.

"ఇవి మా ఊరివి" అన్నాను. అంతసేపూ మాకు చెప్పిన కుర్రాడు, "అయితే మీరే చెప్పండి" అని పక్కకి జరిగాడు. దగ్గుతూనే చెప్పా. తేజ కారానికి, ముడతలు పడ్డ బ్యాడిగి రంగుకి, కోల్డ్ స్టోరేజీలో పెట్టకపోతే రంగు మారిపోతుందని. జర్మన్ పెద్దాయన రాసుకున్నాడు కూడా.

వచ్చేటప్పుడు ఆడపడుచుకని పావుకిలో కొన్నా. తను పొట్లం విప్పి చూసి, నవ్వు ఆపుకోలేక మా ఆయనకి ఫోన్ చేసింది: "అన్నయ్యా, వదిన గుంటూరు నుంచి ఇక్కడికొచ్చి, టికెట్ కొనుక్కుని మరీ గుంటూరు మిరపకాయలు తెచ్చింది!"