జ్వాలా నరసింహుడి దాకా నడక

దిగువ అహోబిలం నుంచి ఎగువకు సుమారు 8 కిలోమీటర్లు, ఆటోలు దొరుకుతాయి. అసలు నడక ఎగువ గుడి దగ్గరే మొదలవుతుంది. భవనాశి వాగు వెంట వరాహ నరసింహుణ్ణి దర్శించుకుని, పైకి జ్వాలా నరసింహుడి దగ్గరకు వెళ్లాలి. పొద్దున్నే బయల్దేరండి. ఎండెక్కితే బండలు కాలుతాయి, కాళ్లు లాగేస్తాయి.

వానాకాలంలో జ్వాలా గుడి ముందు కొండ మీంచి జలపాతం దూకుతుంది. చూడ్డానికి అద్భుతమే కానీ, పాచి పట్టిన రాళ్లమీద నున్నటి అడుగు చెప్పులు జారిపోతాయి. చేతికర్ర తప్పనిసరి. ప్రసాదం కవరు చేతిలో వేలాడిందా, కోతులు లాక్కుపోతాయి, సంచిలో దాచండి.

ఉగ్రస్తంభం, అంటే నరసింహుడు వెలువడిన స్తంభమని భక్తులు నమ్మే కొండశిఖరం, ఎక్కడం వేరే లెక్క. నిట్టనిలువు బండలు. మోకాళ్ల నొప్పులుంటే జ్వాలా దగ్గరే ఆగిపోవడం మేలు. అహోబిలంలోని తొమ్మిది నరసింహ క్షేత్రాలూ ఒక్కరోజులో ముగించాలనే హడావుడి వద్దు, రెండు రోజులు పెట్టుకోండి. ఛత్రవట, యోగానంద గుళ్లు దిగువన, బండి వెళ్లే దారిలోనే ఉన్నాయి.