ముందు అప్పు తీర్చాలి

మా మోటార్‌హోమ్ (లోపలే వండుకుని పడుకునే బండి) బ్యాటరీకి స్విచ్చి కావాలని మొదట అన్నది గుంటూరులో ఉన్న మా నాన్నగారు. ఆయన ఆ బండిని ఫోనులో తప్ప చూడలేదు. ఏప్రిల్‌లో, ఇక్కడ ఒహాయోలో చలి తగ్గాక కవరు తీస్తే లోపల ఒక్క దీపమూ వెలగలేదు. ఒక బ్యాటరీ పొట్ట ఉబ్బి ఉంది. సంగతి విని ఆయన అడిగింది ఒక్కటే: "మెయిన్ తీయకుండా ఎలా వదిలేశావు?" నా చిన్నప్పుడు ఊరికి బయలుదేరి రిక్షా ఎక్కాక కూడా దిగి వెళ్లి మెయిన్ చూసి వచ్చిన మనిషి మరి.

మెయిన్ అంటే ఏమిటో మా పద్నాలుగేళ్ల అమ్మాయికి చెప్పాల్సి వచ్చింది: గోడకు ఇనుప పెట్టె, పక్కన పిడి, పైన పింగాణీ ఫ్యూజులు. మా బండిలో అలాంటిది లేదు. ఇంజన్ బ్యాటరీ వేరు. ఇంటి వాడకానికి ఆరేసి వోల్టులవి రెండు వరసగా కలిపి పన్నెండు చేశారు. అన్నీ ఆపేశామనుకున్నా గ్యాస్ లీకు కనిపెట్టే పరికరం, రేడియో, ఫ్రిజ్ బోర్డు కరెంటు తాగుతూనే ఉంటాయి. కొత్తవి కొన్నాక అమ్మాయి మల్టీమీటరు పెట్టి కొలిచింది. 0.4 ఆంపియర్లు. అంటే రోజుకు దాదాపు 10 ఆంపియర్ అవర్లు. మా జతలో పట్టేది మొత్తం 220. మూడు వారాలలో ఖాళీ అయ్యేదాన్ని ఐదు నెలలు వదిలేశాం. ఖాళీ అయిన బ్యాటరీలో ఆమ్లం నీళ్లలా పలచబడి మైనస్ 7 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది. నిండుగా ఉంటే మైనస్ 50కి కూడా చెక్కుచెదరదు.

ఈ లెక్కంతా తను ఇంగ్లీషులోనే చెప్పింది. ఆదివారం తెలుగు బడిలో నేర్చిన తెలుగును కారు దిగేటప్పుడు సీటు మీదే వదిలేసి వస్తుంది. నేను పోరడం మానేసి చాలా రోజులైంది.

పని మొదలుపెట్టే ముందు చేతికున్న సన్న బంగారు గాజు తీసేయమన్నాను. అమ్మమ్మ తీయవద్దందట. బ్యాటరీ మీద లోహం పడితే చెయ్యి కాలుతుందని చెబితే కాసేపు ఆలోచించి, సబ్బు రాసుకుని తీసి నా జేబులో వేసింది. "ఇప్పుడు ముందు రుణ ధ్రువం విప్పు" అన్నాను. తెలుగు మాధ్యమంలో చదివినవాణ్ణి, ప్లస్సూ మైనస్సూ నోటికి రాలేదు.

పానా పట్టుకునే తలెత్తింది. "రుణమా? అమ్మమ్మ అనే రుణమా?"

ఎవరైనా అడగకుండా మేలు చేస్తే మా అత్తగారు "ఏ జన్మ రుణమో" అంటారు. అవును, అదే అన్నాను.

"అయితే ముందు అప్పు తీర్చాలి," అంది, తెలుగులో.

కారణం కూడా తనే పట్టుకుంది. బండి ఇనుమంతా రుణానికి కలిసి ఉంటుంది. ధనం విప్పుతుండగా పానా ఆ ఇనుముకు తగిలితే నిప్పులు రాలతాయి. రుణం ముందే తీసేస్తే తగిలినా ఏమీ కాదు. బిగించేటప్పుడు తిరగేయాలి: ముందు ధనం, చివరికి అప్పు. ఎర్ర పిడి ఉన్న గుండ్రటి స్విచ్చిని రుణం తీగ మధ్యలో పెట్టాం. లావు తీగకు రెండు కొసలా లగ్గులు (బోల్టుకు తగిలించే కన్నమున్న లోహపు ముక్కలు) నొక్కించడానికే సగం రోజు పట్టింది, మిగతాది పదినిమిషాల పని. (సోలార్ పలక ఉన్నవాళ్లు దాని తీగలు స్విచ్చికి బ్యాటరీ వైపున కలుపుకోండి. లేకపోతే స్విచ్చి తీసినప్పుడు ఎండంతా వృథా.)

ఒక చిక్కు మిగిలింది. పిడి తిప్పితే గ్యాస్ పరికరం కూడా ఆగిపోతుంది. స్విచ్చి వేయకుండా ఎవరూ పొయ్యి వెలిగించకూడదని మా ఆవిడ పట్టుబట్టింది. అమ్మాయి చీటీ రాసి పొయ్యి మీద అంటించింది: "రునం కలిపాకే పొయ్యి." వాళ్లమ్మ దాన్ని కొట్టేసి "ఋణం" అని దిద్దింది. ఇప్పుడు అందరూ "రుణం" అనే రాస్తున్నారని నేనన్నాను. దాని మీద అరగంట నడిచింది. తీర్పు చెప్పమని తాతయ్యకు ఫొటో పంపితే, "మెయిన్ అని రాస్తే సరిపోయేదిగా" అన్నారు.