థిక్‌నెస్ ప్లేనర్ ఎంపిక, బిగింపు, మొదటి పలకలు: ఇంటి వర్క్‌షాప్ లాగ్

యంత్రం కొనే ముందు తేల్చుకోవలసినవి

థిక్‌నెస్ ప్లేనర్ చేసే పని ఒక్కటే: పలక కింది ముఖానికి సమాంతరంగా పై ముఖాన్ని చిత్రిక పట్టడం. కింది ముఖం మెలి తిరిగి ఉంటే పై ముఖం కూడా ఆ మెలితోనే వస్తుంది. అంటే ఇది కింది ముఖానికి నకలు తీసే యంత్రం. ఫీడ్ రోలర్లు పలకను బెడ్‌కు (యంత్రం అడుగు బల్లకు) నొక్కి లోపలికి లాగుతాయి. వంపు ఉన్న పలక ఆ ఒత్తిడికి కాసేపు చదునై, అలాగే తెగి, అవతలికి రాగానే మళ్లీ వంగుతుంది. మోటారు ఎంత పెద్దదైనా ఇందులో మార్పుండదు. అందుకే ఈ లాగ్‌లో మొదటి పద్దు మోటారు గురించి కాదు, ఒక ముఖాన్ని ముందే మట్టం చేసుకునే దారి గురించి.

దారులు మూడు. జాయింటర్ (పలక ఒక ముఖాన్ని చదును చేసే యంత్రం), చేతి చిత్రిక, స్లెడ్ (పలకను మోస్తూ దానితోపాటే ప్లేనర్‌లోకి వెళ్లే చదునైన అడుగుపలక). జాయింటర్, ప్లేనర్ ఒకే ఒంట్లో ఉన్న కాంబో యంత్రాలూ ఉన్నాయి. వాటిలో వెడల్పాటి జాయింటర్ దక్కుతుంది. కానీ ఒక పని నుంచి ఇంకో పనికి మారిన ప్రతిసారీ టేబుళ్లు ఎత్తాలి, డస్ట్ హుడ్ తిప్పాలి. చిన్న గదిలో నాలుగడుగుల లోపు పలకలతో పనిచేసేవారికి స్లెడ్ సరిపోతుంది. ఇక్కడ ఎంచుకున్నదీ అదే.

స్లెడ్ వివరాలు: 18 మి.మీ. ఎం.డి.ఎఫ్. (చెక్క పీచు నొక్కి చేసిన పలక), వెడల్పు యంత్రం వెడల్పు కంటే ఒక సెంటీమీటరు తక్కువ, పొడవు 1.2 మీటర్లు. ముందు కొసన అడ్డంగా ఒక పట్టీ. ముందు కొసనే ఎందుకంటే, రోలరు తోసేది పలకను. బెడ్ మీద రాపిడి వెనక్కి పట్టేది స్లెడ్‌ను. కాబట్టి పలక ముందుకు జారాలని చూస్తుంది. ఆ పట్టీ ఎత్తు పలక చివరి మందం కంటే కచ్చితంగా తక్కువ ఉండాలి, లేకపోతే బ్లేడ్లు పట్టీనే తింటాయి. పలకను స్లెడ్ మీద పెట్టి, మూలలు నొక్కుతూ ఎక్కడ ఊగుతుందో చూసి, ఖాళీల్లో సన్నని చీలికలు దోపి, హాట్ గ్లూతో అంటించాలి. మెలి ఉన్న పలకలో ఎత్తైన మూలను మాత్రమే దిగ్గొట్టకుండా, ఎదురెదురు మూలలకు ఎత్తు సగం సగం పంచితే పోయే చెక్క తగ్గుతుంది. పై ముఖమంతా పెన్సిల్‌తో అడ్డదిడ్డంగా గీసి, ఆ గీతలు పూర్తిగా పోయేదాకా పాస్‌లు తీయాలి (పలకను ఒకసారి యంత్రంలోంచి పంపితే ఒక పాస్). తర్వాత స్లెడ్ పక్కన పెట్టి, మట్టమైన ముఖాన్ని కిందికి తిప్పితే రెండో ముఖం మామూలుగా వస్తుంది.

అంకెలతో పోలిక

బల్ల మీద పెట్టుకునే ప్లేనర్లు ఎక్కువగా 12 నుంచి 13 అంగుళాల వెడల్పు, ఆరంగుళాల ఎత్తు పరిధిలో ఉంటాయి. కాబట్టి వెడల్పు చూసి ఎంచుకోవడం పెద్దగా తేల్చదు. ముఖం ఎంత నునుపుగా వస్తుందో చెప్పే అంకె వేరే ఉంది: మిల్లీమీటరుకు ఎన్ని కోతలు. బ్లేడ్ల సంఖ్యను నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి, ఫీడ్ వేగాన్ని నిమిషానికి మి.మీ.లలోకి మార్చి దానితో భాగించాలి.

మకిటా 2012ఎన్‌బి: రెండు బ్లేడ్లు, 8,500 చుట్లు, నిమిషానికి 8.5 మీటర్ల ఫీడ్. మి.మీ.కు సరిగ్గా 2 కోతలు. డివాల్ట్ డిడబ్ల్యు735: మూడు బ్లేడ్లు, 10,000 చుట్లు, రెండు ఫీడ్ వేగాలు. నిమిషానికి 26 అడుగుల వేగంలో అంగుళానికి 96 కోతలు, అంటే మి.మీ.కు 4కి కాస్త తక్కువ. 14 అడుగుల వేగంలో అంగుళానికి 179, అంటే మి.మీ.కు 7. మొదటిది సుమారు 28 కిలోలే కాబట్టి వాడాక ఎత్తి పక్కన పెట్టుకోవచ్చు. రెండోది 40 కిలోలు దాటుతుంది, దానికి చక్రాల స్టాండు కావాలి.

ఈ లెక్కలో ఒక షరతుంది. అన్ని బ్లేడ్లూ ఒకే ఎత్తులో ఉన్నప్పుడే అది నిజం. ఒక బ్లేడు మిగతావాటి కంటే కొద్దిగా బయటికి ఉంటే, ముఖం మీద చివరి గుర్తు దానిదే. మూడు బ్లేడ్ల యంత్రం ఆచరణలో ఒక బ్లేడు యంత్రమైపోతుంది. పిన్నుల మీద కూర్చునే రెండంచుల డిస్పోజబుల్ బ్లేడ్లలో ఈ తలనొప్పి తక్కువ. మళ్లీ పదును పెట్టుకునే రకంలో ప్రతిసారీ ఎత్తు సరిచూడాలి.

నెమ్మది ఫీడ్‌ను ఎప్పుడూ వాడటం కూడా సరికాదు. కోత మరీ పలచనైతే బ్లేడు తెగకోయడం మాని చెక్కను రాస్తుంది, వేడెక్కి త్వరగా మొద్దుబారుతుంది. మందం తగ్గించే పాస్‌లన్నీ వేగంగా, ఆఖరి రెండు పాస్‌లు నెమ్మదిగా.

హెలికల్ హెడ్ (హెడ్ అంటే బ్లేడ్లు బిగించి ఉండే, తిరిగే దిమ్మె) సంగతి చాలాసేపు తూచవలసి వచ్చింది. చిన్న చదరపు కార్బైడ్ ముక్కలు సర్పిలంగా అమర్చి ఉంటాయి, ఒక్కో ముక్కకు నాలుగంచులు. ఒక అంచు పోతే పావు వంతు తిప్పుకోవచ్చు. చప్పుడు బాగా తగ్గుతుంది, పొట్టు చిన్న ముక్కలుగా రాలి గొట్టంలో సులువుగా పోతుంది, ఎదురు పీచు ఉన్న చోట పెచ్చులు లేవడం తగ్గుతుంది. అయితే సర్పిలంగా అమర్చినంత మాత్రాన కోత ఏటవాలు కాదు. ముక్క అంచు కూడా కోణంలో ఉంటేనే అవుతుంది. కొన్ని హెడ్‌లలో అమరిక సర్పిలమే అయినా ముక్కల అంచులు ఫీడ్‌కు నేరుగానే ఉంటాయి. కొనేముందు ఫొటోలో ఇది చూడాలి. పైగా హెలికల్ హెడ్ అదే లోతుకు మోటారును ఎక్కువ కష్టపెడుతుంది. 1,800 వాట్ల చిన్న మోటారు మీద పాస్ లోతు తగ్గించుకోవాలి. వాడే కలపలో పీచు ఎదురెదురుగా అల్లుకున్న రకాలు ఎక్కువుంటే దీనికి పెట్టే డబ్బు దండగ కాదు. ఈ షాపులో తిన్నని పీచు పలకలే ఎక్కువ కాబట్టి మూడు నేరు బ్లేడ్లు, రెండు వేగాలు ఉన్న 13 అంగుళాల యంత్రం ఖాయమైంది. ఇండక్షన్ మోటారుతో నేల మీద నిలిచే 15 అంగుళాల యంత్రం వీటన్నిటి కంటే తక్కువ చప్పుడు చేసేదే. దాని బరువు, విద్యుత్ లైను ఈ గదికి పొసగవు.

కరెంటు, పొట్టు

120 వోల్టుల చోట ఈ యంత్రాలు 15 యాంపియర్లదాకా లాగుతాయి, 230 వోల్టుల చోట 8 దరిదాపుల్లో. సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు ఇక్కడ మోటారును కాల్చే దొంగ. 15 మీటర్ల వైరులో 1 చ.మి.మీ. రాగి తీగ ఉంటే, 15 యాంపియర్లకు పోనూ రానూ సుమారు 8 వోల్టులు పోతాయి. 2.5 చ.మి.మీ. అయితే సుమారు 3.2 వోల్టులే. వోల్టేజి పడితే మోటారు వేగం తగ్గుతుంది, దాంతో ఫ్యాను గాలీ తగ్గుతుంది, వేడి పెరిగి ఓవర్‌లోడ్ స్విచ్ కొడుతుంది. వీలైతే గోడ సాకెట్‌కే పెట్టాలి. డస్ట్ కలెక్టర్‌కు వేరే సర్క్యూట్.

పొట్టు ఎంత వస్తుందో ముందే లెక్కవేయడం మంచిది. 200 మి.మీ. వెడల్పు, మీటరు పొడవు పలక నుంచి రెండు ముఖాలూ కలిపి 5 మి.మీ. తీస్తే, గట్టి చెక్కగానే లీటరు పోతుంది. పొట్టుగా మారితే దానికి ఎన్నో రెట్లు. మామూలు షాప్ వాక్యూమ్ రెండు మూడు పలకలకే నిండి, అంతకుముందే 63 మి.మీ. గొట్టం మూలమలుపులో బిగుసుకుంటుంది. 100 మి.మీ. గొట్టం లోపలి వైశాల్యం దానికి రెండున్నర రెట్లు. అందుకే కలెక్టర్, 100 మి.మీ. గొట్టం, మధ్యలో పొట్టును ముందే పట్టి ఉంచే ఒక మూత డ్రమ్ము సెపరేటర్. పొట్టు వెళ్లకపోతే గది పాడవడమే కాదు, పొట్టు రోలరు కింద చిక్కి ముఖం మీద చిన్న చిన్న నొక్కులు పడతాయి. తడిగుడ్డ వేస్తే పీచు ఉబ్బి ఆ నొక్కులు చాలావరకు లేస్తాయి. చినిగిన చోట మాత్రం లేవవు. తేడా అలాగే తెలుస్తుంది.

బిగింపు

యంత్రం స్టాండు మీదకెక్కింది. ముందుగా బెడ్ మీది తుప్పు నిరోధక నూనె తుడిచి, పేస్ట్ వ్యాక్స్ పట్టించి రుద్దడం జరిగింది. సిలికాన్ స్ప్రే వద్దు. అది చెక్కకు అంటితే తర్వాత పాలిష్ చేప కళ్లలా గుంటలు పడుతుంది.

తర్వాత కుడి ఎడమల తేడా. రెండు సన్నని పట్టీలను బెడ్ రెండు అంచుల దగ్గర ఒకేసారి పంపి, కాలిపర్‌తో కొలవాలి. 13 అంగుళాల మీద 0.1 మి.మీ. లోపు ఉంటే ముట్టుకోనక్కర్లేదు. ఎక్కువుంటే హెడ్‌ను ఎత్తే స్క్రూల చైనును ఒక పన్ను జరిపి సరిచేస్తారు, పద్ధతి యంత్రాన్ని బట్టి మారుతుంది. ఇక్కడ అవసరం పడలేదు.

స్నైప్ (పలక కొసలు మిగతా భాగం కంటే లోతుగా తెగడం) దగ్గర మాత్రం ఎక్కువ సమయం పట్టింది, పట్టాలి కూడా. పలక మొదటి కొస లోపలికి వెళ్లినప్పుడు దాన్ని పట్టుకునేది ఒక్క ఇన్‌ఫీడ్ (లోపలికి లాగే) రోలరే. బయట వేలాడే బరువు ముందు కొసను బ్లేడ్ల వైపు ఎత్తుతుంది. చివర్లో ఇదే తిరగబడుతుంది: ఇన్‌ఫీడ్ రోలరు వదిలేశాక అవుట్‌ఫీడ్ (బయటికి పంపే) రోలరు ఒక్కటే మిగులుతుంది, తోక లేస్తుంది. అందుకే రెండు కొసల్లోనూ 60-75 మి.మీ. మేర లోతుగా తెగుతుంది. అది దాదాపుగా రోలరుకూ హెడ్‌కూ మధ్య దూరమే. మందు: పొడవాటి స్ట్రెయిట్‌ఎడ్జ్‌ను బెడ్ మీద పెట్టి, బెడ్‌కు ముందూ వెనకా ఉన్న రెండు టేబుళ్ల బయటి అంచులు బెడ్ కంటే 0.5 నుంచి 0.8 మి.మీ. పైకి ఉండేలా ఫీలర్ గేజ్‌తో (సందును కొలిచే సన్నని రేకులతో) చూస్తూ స్టాప్ బోల్టులు తిప్పాలి. హెడ్ లాక్ ఉంటే ప్రతి పాస్‌కూ వేయాలి. ఇన్నీ చేసినా జాడ కొంత మిగలవచ్చు. ఒకే మందమున్న పలకలను ఒకదాని వెనక ఒకటి కొసలు తాకేలా పంపి, వరసకు ముందొకటి, వెనకొకటి పనికిరాని ముక్కలు పెడితే స్నైప్ వాటి మీదే పడుతుంది. అన్నిటికంటే నమ్మకమైనది, పలకను 150 మి.మీ. ఎక్కువ పొడవుతో ఉంచి తర్వాత కొసలు కోసేయడం.

మొదటి పలకలు

పీచు దిశను పలక పక్క అంచు మీద చూడాలి. గీతలు ముందు కొస నుంచి వెనక కొస వైపు పైకి ఎక్కుతూ ఉంటే ఆ దిశ సరైనది. ఈ యంత్రంలో బ్లేడు ఫీడ్‌కు ఎదురు తిరుగుతుంది కాబట్టి అలా పంపితే పీచును పైకి పెకలించకుండా కోస్తుంది. తలకిందులైతే పెచ్చులు లేస్తాయి. పంపే కొస మీద బాణం గుర్తు గీసుకుంటే గందరగోళం ఉండదు. ముడి చుట్టూ గీతలు ఎటు చూసినా తిరుగుతాయి, అక్కడ 0.3 మి.మీ. పాస్ తప్ప వేరే దారి లేదు. ముఖాన్ని తడిగుడ్డతో కొద్దిగా తుడిచి పంపినా ఫలితం ఉంటుంది, వెంటనే బెడ్ ఆరబెట్టాలి.

లోతు: గట్టి కలప పూర్తి వెడల్పుకు 0.8 మి.మీ., ఇరుకు పలకకు 1.5 దాకా, ఆఖరి పాస్‌లు 0.3 నుంచి 0.4. మోటారు స్వరం బరువెక్కితే అంకె ఏదైనా లోతు తగ్గించాలి. రెండు ముఖాల నుంచీ సమానంగా తీయాలి. ఒకవైపే తీస్తే లోపలి తేమ తెరుచుకుని పలక గిన్నెలా వంగుతుంది. 1.5 నుంచి 2 మి.మీ. ఎక్కువ ఉంచి, మధ్యలో పుల్లలు పెట్టి పేర్చి, కొన్ని రోజులు ఆగి చివరి మందానికి తీసినవి నిలకడగా ఉన్నాయి.

పొడవు 350 మి.మీ. కంటే తక్కువున్న ముక్కను ఒంటరిగా పంపకూడదు. రెండు రోలర్ల మధ్య అది తిరగబడుతుంది. పక్కన పొడవాటి పట్టీలు అంటించి పంపాలి. 6 మి.మీ. కంటే సన్నని పలకకు కింద మోసే పలక కావాలి. యంత్రానికి నేరుగా వెనక నిలబడకూడదు, వేళ్లు పలక కింద పెట్టకూడదు. చెవులకు మఫ్లు తప్పనిసరి.

ఇకపై చూసుకోవలసినవి

పాత కలపకు మెటల్ డిటెక్టర్, ఆ తర్వాత ఇనుప బ్రష్, ఆ తర్వాతే యంత్రం. మేకు తగలకున్నా ఇసుక చాలు అంచు పోవడానికి. టేకులో సహజంగానే సిలికా ఉంటుంది, బ్లేడ్లు త్వరగా మొద్దుబారతాయి. ప్లైవుడ్ జిగురూ అంతే. బ్లేడుకు గాటు పడితే పలక మీద సన్నని గట్టు గీత వస్తుంది. జరిపే వీలున్న బ్లేడ్లయితే ఒకదాన్ని పక్కకు మిల్లీమీటరు జరిపితే ఆ గీత పోతుంది. పలక లోపలికి వెళ్లక జారుతుంటే ముందు బ్లేడ్లను అనుమానించవద్దు. బెడ్ మీది వ్యాక్స్ అరిగిందో లేదో చూసి, తర్వాత ప్లగ్ తీసి రబ్బరు రోలర్ల మీది జిగటను సబ్బునీటి గుడ్డతో తుడవాలి. థిన్నర్ రబ్బరును పాడుచేస్తుంది. మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌ల పొడవు మాన్యువల్‌లోని హద్దుకు దగ్గరపడకముందే కొత్త జత తెచ్చి ఉంచుకోవాలి. అవి పూర్తిగా అరిగితే వాటిని తాకే కమ్యుటేటర్ గీసుకుపోతుంది, అప్పుడు మోటారులో తిరిగే ఆర్మేచరే మార్చాల్సి వస్తుంది.